వెనక గేటూ, నాది కాని నా గొంతూ

కిరాణా కొట్టులో పెరుగు ప్యాకెట్టు కోసం నిలబడ్డాను. కొట్టాయన చిల్లర ఇస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. "సార్, గొంతుకేమన్న అయిందా?" అన్నాడు. ఏమీ కాలేదండీ అన్నాను. "మరి ఫోన్ల మస్తు మాట్లాడుతున్నరు గద! గిక్కడ గిట్లెందుకు మాట్లాడుతున్నరు?" అన్నాడు. నా వెనక ఉన్న ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆ వారం తూంకుంటలో మా కాలనీ మొత్తానికి నాకంటే నా గొంతే ఎక్కువ పరిచయం. అసలు మనిషి ఎదురైతే జనం కాస్త నిరాశపడుతున్నారు.

మాది గోదావరి జిల్లా. ఉద్యోగం ఇటు తీసుకొచ్చింది, రిటైరయ్యే ముందు కరీంనగర్ రోడ్డుకి కాస్త లోపలగా ఈ కాలనీలో ఇల్లు కట్టించింది. ఇన్నేళ్ళలో ఇక్కడి ఎండా, జొన్నరొట్టే, బోనాల డప్పూ అన్నీ ఒంటబట్టాయి కానీ మాట మాత్రం ఒంటబట్టలేదు. నోరు తెరిస్తే చాలు, వాక్యం చివర ఒక 'అండీ' వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. షామీర్‌పేట దాకా వస్తారా అండీ అని అడిగానంటే, నేను ఎక్కకముందే ఆటో రేటు పెరిగిపోతుంది.

అలాంటివాణ్ణి కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడిగా నిలబడ్డాను. నన్ను నిలబడమని ఎవరూ అడగలేదు. పాత అధ్యక్షుడు ఇల్లు అమ్ముకుని నాగారం వెళ్ళిపోతే కుర్చీ ఖాళీ అయింది. ఖాళీ కుర్చీ కనిపిస్తే రిటైరైన ఉద్యోగికి కాళ్ళు వాటంతట అవే నొప్పి పుడతాయి. సర్వీసంతా ఇతరులు రాసిన ఫైళ్ళలో తప్పులు పట్టిన మనిషిని. సంతకం పెట్టేముందు కామా కూడా వదలకుండా చదువుతానని నాకు పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది.

నాకు పోటీగా నిలబడ్డది నా పొద్దుటి నడక స్నేహితుడే. పుట్టింది ఇక్కడే. మేడ్చల్ వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. మా ఇళ్ళున్న నేలలో ఒకప్పుడు వాళ్ళ బాపు జొన్న వేసేవాడట. ఆ మాట ఆయన గొప్ప కోసం చెప్పలేదు కానీ నేను మాత్రం కంగారుపడ్డాను. ఈ మనిషి మీద నేనేం గెలుస్తాను? ఆయన వీధిలోకొస్తే నాలుగు గుమ్మాల వాళ్ళు "అన్నా" అని పిలుస్తారు. నేనొస్తే "మీదే ఊరు సార్?" అని ఇప్పటికీ అడుగుతారు.

ఆ కంగారులోనే ఫోన్లోకి ఒక కృత్రిమ మేధ యాప్ దించుకున్నాను. అది ఏది కావాలంటే అది రాసిస్తుంది. కాసేపు మన గొంతు వినిపిస్తే ఆ గొంతుతోనే మాట్లాడిపెడుతుంది. నేను దానికి ఆ రోజు పేపర్లో సంపాదకీయం చదివి వినిపించాను. "ఇప్పుడు ఇదే గొంతుతో, ఇక్కడి మాటలో, మా కాలనీవాళ్ళని ఓటు అడుగు" అని చెప్పాను.

అడిగింది. నా గొంతే, సందేహం లేదు. జలుబు గరగర కూడా నాదే. కానీ ఆ మాట ఎక్కడిదండీ బాబూ! "అందరికి నమస్తే. నేను మీ పక్కింటోన్నే మాట్లాడుతున్న. నల్లా రాకపోతే ఎవల్ని అడగాల్నో తెల్వక పరేషాన్ అయితున్నరు గద? ఇగ ఫికర్ వద్దు. మీ ఎనక నేనున్న." విన్నాక నాకే నా మీద నమ్మకం కలిగింది. నా ఓటు నాకే అనుకున్నాను. నాకు ఓటే లేదని తర్వాత తెలిసింది, ఆ సంగతి చివర్లో చెబుతాను.

కాలనీ గ్రూపులో పెట్టగానే బొటనవేళ్ళూ, దండాలూ, పూలగుత్తులూ కురిశాయి. "మా భాష మంచిగ నేర్సుకున్నరు సార్" అని ఎవరో రాశారు. నేర్చుకున్నది నేను కాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను మాత్రం "అంతా మీ అభిమానం" అని జవాబిచ్చాను. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. నక్కకి కనీసం ఒళ్ళు కాలిన సంగతైనా తెలుస్తుంది.

మా ఆవిడ వంటింట్లోంచి విని, "ఎవరండీ ఫోన్లో?" అంది.

"నేనే."

"మీరా? ఇంట్లో ఎప్పుడూ ఇంత ఆప్యాయంగా మాట్లాడలేదేం?" అని చారులో పోపు వేసింది.

గొంతు దొరికింది, ఇక వాగ్దానాలు కావాలి. పాతకాలంలో అయితే గుమ్మం గుమ్మం తిరిగి మీకేం కావాలని అడగాలి. ఎండ, కుక్కలు, ప్రతి ఇంట్లో వద్దన్నా ఇచ్చే టీ. నేను సులువు చూసుకున్నాను. గ్రూపులో కొన్ని నెలలుగా పోగుపడ్డ మాటలన్నీ ఎత్తి యాప్‌లో పోసి, "మా జనానికి ఏం కావాలో చూసి చెప్పు" అన్నాను. చేతిలో టీ చల్లారేలోపు చెప్పేసింది. కాలనీవాసుల మొదటి ఆందోళన భద్రత అట. అందులోనూ వెనక గేటు.

మా కాలనీ వెనక గోడలో మనిషి పట్టేంత ఇనుప గేటు ఒకటి ఉంది. అది దాటితే ఊరి పాత వాడ: రేకుల ఇళ్ళు, ఒక చిన్న చర్చి, నాలుగు వేపచెట్లు. ఆ వాడవాళ్ళు మా కాలనీలోంచే నడిచి రోడ్డెక్కి బస్సు పట్టుకుంటారు. మేం ఇళ్ళు కట్టకముందు నుంచీ అది వాళ్ళ దారి.

గ్రూపులో కాలనీ అంతా ఉన్నా, మాట్లాడేది నలుగురే. ఆ నలుగురికీ నిద్ర పట్టదు. వాళ్ళకి గేటు దాటిన ప్రతి బైకూ దొంగ బైకే. మిగతావాళ్ళు పండగపూట ఒక దండం బొమ్మ పెట్టి మాయమవుతారు. ఆడవాళ్ళు అసలు కనబడరు, గ్రూపులో ఉండేది భర్తల నెంబర్లే. ఇదంతా ఆ యాప్‌కి ఎలా తెలుస్తుంది? ఎవరు ఎక్కువ టైపు చేస్తే వాళ్ళే ప్రజలనుకుంది. నాకైతే తెలుసు. తెలిసీ ఆలోచించలేదు. నా గొంతుతోనే అంత చక్కగా చెబుతుంటే ఇంకా ఆలోచించడం దేనికనిపించింది.

"నేను గెలిస్తే గా ఎనక గేటు బంద్ జేయిస్త. బయటోళ్ళు లోపటికి రారు. మన ఆడబిడ్డలు ఫికర్ లేకుంట ఉండాలె." కామా కామా వదలకుండా విన్నాను. ఆ గేటుతో ఎవరి దారి మూస్తున్నానో అది మాత్రం వినబడలేదు. బొమ్మ కూడా చేసిస్తానంది. ఊరికే వస్తుంటే వద్దనడం మన ఇంటా వంటా లేదు. మొహాలకి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు మా గేటులాంటి గేటు దగ్గర నక్కి ఉన్నట్టు బొమ్మ వచ్చింది. అడుగున 'ఊహాచిత్రం' అని చిన్న అక్షరాలతో వేయించాను. ఆ మాత్రం నిజాయితీ ఉందని నాకు గర్వం కూడా.

సాయంత్రానికి ఎవరో ఆ అక్షరాలు పోయేలా బొమ్మని కత్తిరించారు. మర్నాటికది 'మన కాలనీ గేటు దగ్గర కెమెరాకు చిక్కిన దొంగలు' అయింది. గౌడవెల్లి గ్రూపులు, నాగారం గ్రూపులు అన్నీ తిరిగి చివరికి మా బావమరిది ఫోన్లోంచి నాకే వచ్చింది. "బావగారూ, మీ వైపు దొంగలు తిరుగుతున్నారట, జాగ్రత్త." నేను లేచి వెళ్ళి పట్టపగలు తలుపు గొళ్ళెం పెట్టుకుని వచ్చాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ దొంగలిద్దర్నీ కన్నది నేనేనని. అయినా లేచి గొళ్ళెం తియ్యలేదు.

అది నేను చేయించిన ఉత్త బొమ్మ అని గ్రూపులో రాశాను. దానికి ఒకే ఒక బొటనవేలు వచ్చింది, అదీ నా స్నేహితుడిది. ఆ కిందే ఇంకొకాయన అదే బొమ్మ మళ్ళీ పెడితే అందరూ పోలీసులకి చెప్పాలని రాశారు. నిజం నిలకడ మీద తెలుస్తుందని మా నాన్న అనేవారు. ఫోన్లో నిలకడ ఎక్కడుంది?

ఈలోగా నా పోటీదారు ప్రసంగమూ గ్రూపులోకి వచ్చింది. ఆయన గొంతు విని నేను ఉలిక్కిపడ్డాను. "ఆత్మీయ కాలనీవాసులారా! మీ అమూల్యమైన ఓటును నాకు ప్రసాదించిన యెడల, వెనుక ద్వారమును శాశ్వతముగా మూసివేయించెదను" అంటున్నాడు. పొద్దున్నే నడకలో అడిగితే సిగ్గుపడుతూ నవ్వాడు.

"మీ ఆంధ్రోళ్ళు గూడ మెచ్చుకోవాలె గద సార్. నేను గూడ గా యాప్‌నే పట్టిన. మన గ్రూపు ముచ్చట్లన్ని దాంట్ల ఏస్తే గేటు బంద్ పెట్టుమని అదే చెప్పింది."

అంటే ఒకరి భాషలో ఒకరం దూరి ఇద్దరం ఒకే మాట చెబుతున్నాం. ఇక జనం ఎవరికి వేసినా గేటు మూతపడ్డట్టే. అప్పుడైనా నాకు భయం వేయాలి. నా గొంతు ఆయన గొంతుకంటే బాగుందని సంతోషం వేసింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ నుంచి మొదలుపెట్టాను.

వెనక గేటు దాటగానే రెండో ఇంట్లో మా ఆవిడ స్నేహితురాలు ఉంటుంది. చీరలకి ఫాల్ కుడుతుంది. ఆదివారం చర్చిలో పాటలు పాడుతుంది. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో మా ఆవిడకి మాట్లాడేందుకు మనిషి లేక గోడలతో మాట్లాడేది. ఒకరోజు ఫాల్‌కని చీర తీసుకెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొచ్చింది. అప్పట్నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ కుట్టుమిషను పక్కన పీట మా ఆవిడదే. ఇద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకుంటారు. ఆవిడకి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటే ఆ రోజు ఈవిడా టీ ముట్టదు. ఎందుకంటే, ఎదురుగా కూర్చుని ఎలా తాగనూ అంటుంది.

ప్రసంగం పంపిన మూడోనాడో నాలుగోనాడో, సరిగ్గా అక్కడ ఉండాల్సిన వేళకి మా ఆవిడ వరండాలో కూర్చుని ఉంది. ఒళ్ళో రెండు చీరలు. మడత పెట్టినవే మళ్ళీ మడత పెడుతోంది.

"వెళ్ళలేదే?" అన్నాను.

"వెళ్ళే వచ్చాను."

నా ప్రసంగం చర్చి ఆడవాళ్ళ గ్రూపులోకి కూడా వెళ్ళిందట. స్నేహితురాలు కోప్పడలేదట. టీ పెట్టి ఇచ్చి, ఫాల్ కుట్టకుండానే చీరలు తిరిగి ఇచ్చేసిందట. "గేటు బంద్ జేస్తరంట గద వదినా," అందట. "వేరేటోళ్ళు అంటే పోనీ తియ్ అనుకుందును. అన్న మా లెక్కనే మాట్లాడి మాకే గేటు బెట్టిండు. గది మనసుకు తాకింది. ఇగ నువ్వు గూడ రాకు వదినా, మీ కాలనోళ్ళు నిన్నేమన్న అంటరు."

"అది నేను కాదే, యాప్" అన్నాను.

"గొంతు మీదేగా?"

"గొంతు నాదే. మాట నాది కాదుగా."

"ఆవిడకి తగిలింది అదే కదండీ. మాట వాళ్ళది." మా ఆవిడ చీరలు పక్కన పెట్టింది. "చుట్టు తిరిగి వెళ్ళాలంటే రోడ్డెక్కి, చెరువు పక్కనుంచి రావాలి. ఈ మోకాళ్ళతో నావల్ల కాదు. ఇన్నేళ్ళకి ఈ ఊళ్ళో నాకని ఉన్నది ఆ ఒక్క గుమ్మం. ఊరందరి మనసులో ఏముందో ఫోన్ని అడిగారు. పక్కగదిలో ఉన్నదాన్ని, నన్ను ఒక్క మాట అడగలేకపోయారా?"

నాకు సిగ్గేసింది. ఈ వయసులో భార్య ముందు తల ఎత్తలేకపోవడం ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది. గదిలోకి వెళ్ళి ఏం చేశాననుకున్నారు? మళ్ళీ ఆ యాప్‌నే అడిగాను, ఇచ్చిన మాట మర్యాదగా ఎలా వెనక్కి తీసుకోవాలని. అది నా గొంతుతోనే ఒక వివరణ ఇచ్చింది. గేటు మూసే ఉంటుంది గానీ తెరిచినట్టే ఉంటుంది అని దాని సారాంశం. ఎంత బాగుందంటే, ఇంకాస్త సేపు వింటే నమ్మేసేవాణ్ణి. ఫోను బోర్లించి పెట్టాను. ఇక ఎవరికీ ఏమీ చెప్పే ధైర్యం లేక, ఆదివారం దాకా నోరు మూసుకుని తిరిగాను.

ఆదివారం సాయంత్రం నీళ్ళ ట్యాంకు కింద షామియానా వేసి సర్వసభ్య సమావేశం. మా సంఘంలో చీటీలు లేవు, చేతులెత్తడమే. ఇంటికి ఒక ఓటు. ఆ ఓటు ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళది. పోటీకి మాత్రం భార్యాభర్తల్లో ఎవరైనా నిలబడొచ్చు. మా ఇల్లు మా ఆవిడ పేరున ఉంది. ఆడవాళ్ళ పేరున అయితే కలిసొస్తుందని అప్పట్లో నేనే తెలివిగా రాయించాను. కార్యదర్శి నియమాలు చదువుతుంటే అప్పుడు తట్టింది నాకు, ఈ ఎన్నికలో అభ్యర్థినైన నాకు ఓటు లేదని.

ముందు నన్ను మాట్లాడమన్నారు. "అందరికీ నమస్కారమండీ" అన్నాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో, "సార్, గా ఫోన్లున్నోన్ని మాట్లాడమనుండ్రి!" అని అరిచారు. షామియానా అంతా నవ్వు. కార్యదర్శి మర్యాదస్తుడు. నా ప్రసంగం తన ఫోన్లో పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాడు. నా గొంతు నా పక్కనే నిలబడి అనర్గళంగా మాట్లాడింది. నేను చేతులు జోడించుకుని, పెళ్ళిలో ఫోటోకి నిలబడ్డ దూరపు చుట్టంలా, అది ముగిసేదాకా నిలబడ్డాను. 'గేటు బంద్ జేయిస్త' అన్నప్పుడు ఆ నలుగురూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

తర్వాత నా స్నేహితుడు లేచి తన 'శాశ్వతముగా మూసివేయించెదను' వినిపించి కూర్చున్నాడు.

నాకు చేతులెత్తమన్నారు. కొన్ని లేచాయి. మా ఆవిడ చెయ్యి లేవలేదు. అందరూ అటే చూశారు. ఆయనకి ఎత్తమన్నారు. ఇంకొన్ని ఎక్కువే లేచాయి, అప్పుడూ లేవలేదు.

"అమ్మా, మీ ఇంటి ఓటు?" అన్నాడు కార్యదర్శి.

మా ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచింది. జీవితంలో ఎప్పుడూ మైకు ముందు మాట్లాడలేదు, అప్పుడూ మైకు తీసుకోలేదు. "గేటు ఉండాలనేవాళ్ళు ఎవరూ నిలబడలేదు కదండీ. ఇద్దరూ మూస్తామనే అంటున్నారు. నేనెవరికి ఎత్తనూ? ఆ దొంగల బొమ్మ మా ఇంట్లోనే, మా సోఫాలో కూర్చుని చేశారు. నిజం దొంగని మీలో ఎవరైనా చూశారా?" అంది. కొందరు ఫోన్లలో ఆ బొమ్మ మళ్ళీ తీసి చూశారు. "గేటు ఉండాలనేవాళ్ళని కూడా ఒకసారి చేతులెత్తమనండి. అందులో తప్పేముంది?"

కార్యదర్శి నియమాల కాగితం అటూ ఇటూ తిప్పాడు. అందులో వద్దని లేదు. సరేనన్నాడు.

ముందు చివరి వరసలో ఒకావిడ ఎత్తింది. వాళ్ళ పనిమనిషి ఆ గేటులోంచే వస్తుంది. తర్వాత చర్చికి వెళ్ళే రెండిళ్ళవాళ్ళు. తర్వాత ఇళ్ళు తమ పేర్ల మీదున్న ఆడవాళ్ళ వరసంతా. గ్రూపులో ఒక్క అక్షరం రాయనివాళ్ళు, ఆ యాప్ లెక్కలో లేనివాళ్ళు. నా స్నేహితుడి చెయ్యి కూడా లేచింది. నాకూ చెయ్యి ఆగలేదు. నేనూ ఎత్తాను.

"సార్, మీకు ఓటు లేదు. దించుండ్రి" అన్నాడు కార్యదర్శి.

"తెలుసండీ" అన్నాను. దించలేదు.

అధ్యక్షుడిగా నా స్నేహితుడే గెలిచాడు. గేటు మాత్రం ఉంచాలని తీర్మానమైంది. షామియానా విప్పుతుంటే వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "సార్, మనిద్దరికి ఒక్కటే మాట చెప్పింది గద గా యాప్. మనిద్దరం నిలబడుడెందుకు, దాన్నే నిలబెడితే అయిపోతుండె" అన్నాడు. నవ్వాను కానీ ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. మా కాలనీ కాబట్టి ఒక షామియానా కిందకి అందరూ వచ్చారు, ఒకావిడ లేచి అడగగలిగింది. అంత పెద్ద షామియానా దేశానికి ఎక్కడ దొరుకుతుంది?

మర్నాడు మధ్యాహ్నం ఆ రెండు చీరలూ సంచిలో వేసుకుని నేనొక్కణ్ణే వెనక గేటు దాటాను. మా ఆవిడ నన్ను వెళ్ళమననూ లేదు, వద్దననూ లేదు. స్నేహితురాలు మిషను మీద ఉంది. నన్ను చూసి తొక్కడం ఆపింది.

"నమస్కారమండీ" అన్నాను. "నేనండీ."

ఆవిడ నవ్వలేదు. "గిది మీరేనా అన్నా? లేకుంటే గా ఫోన్లాయననా?" అంది.

ఎకసెక్కంగా అడిగిన మాట కాదు. నిజంగానే అడిగింది. ఇన్నేళ్ళుగా నన్ను చూస్తున్న మనిషికి, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా, నేను నేనేనని నమ్మకం పోయింది. అది నాకు గెలుపోటములకంటే గట్టిగా తగిలింది.

"నేనేనండీ. తప్పు నాదేనండీ. గేటు ఎక్కడికీ పోదండీ, నిన్న తీర్మానం అయిపోయిందండీ. ఈ చీరలకి ఫాల్ కుట్టాలండీ." కంగారులో అండీలు ఇంకా ఎక్కువైపోయాయి. వాటిని దాచుకోవడానికే కదా ఇంత కథ నడిపాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చాలు తియ్ అన్నా, గిన్ని అండీలు గా ఫోన్ల లెవ్వు. మీరే" అంది. సంచి అందుకుని చీరలు తీసి మిషను మీద పరిచింది. పక్కనున్న పీట మీది గుడ్డముక్కలు తీసి కింద పెట్టి, కొంగుతో ఒకసారి తుడిచింది. "వదినను రమ్మనుండ్రి. చాయ్ పెడుతున్న."

ఇంటికి చెబుదామని జేబులోంచి ఫోను తీశాను. మళ్ళీ జేబులో పెట్టేసి, గేటు దాటి నడిచి వెళ్ళి చెప్పాను.